మన హాస్టల్ మోటారు ఎందుకు వణికింది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు "ఏం రాయమంటారు సార్?" అని అడిగాం. "మీరు చదివిన చదువు గురించి రాయండి, పిల్లలకు అర్థమయ్యేటట్టు" అన్నారు. మేము చదివింది యంత్రాల కంపనాల గురించి. అంటే పంపులు, వాటి వణుకు, ఆ వణుకును తగ్గించే పద్ధతులు. ఇలాంటిది హాస్టల్ సంచికలో ఎవరు చదువుతారని మొదట అనుమానం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మేము ఆ చదువులోకి వెళ్లిందే మన హాస్టల్ మోటారు వల్ల. కాబట్టి దాని గురించే రాస్తున్నాం. ఇందులో ఎనిమిదేళ్లుగా మేము ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. అది కూడా రాస్తాం.

మేము అంటే 2018 పదో తరగతి బ్యాచ్‌లో ఆరో నంబరు గదిలో ఉన్న నలుగురం. ఇద్దరం పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాం. ఒకడు ఐటీఐ ఫిట్టర్ చేసి ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఇంకొకడు డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. ఈ నాలుగు ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లు లేరు. రాస్తున్నది ఎంటెక్ చదువుతున్నవాడే అయినా, చేసినవన్నీ కలిసి చేసినవే కాబట్టి మేము అనే రాస్తున్నాం. తప్పు కూడా కలిసి చేసిందే.

ఇప్పుడు మీరు చూస్తున్న మోటారు గది అప్పుడు ఇలా లేదు. వంటగది వెనుక రేకుల షెడ్డు, అందులో ఐదు హార్స్‌పవర్ మోటారు. మోటారు వేరు, పంపు వేరు. మధ్యలో కప్లింగ్, రెండూ ఒకే ఇనుప చానల్ బేస్ మీద బిగించి ఉండేవి. కింద సంపు, పైన ట్యాంకు. పొద్దున నాలుగున్నరకు కామాటి తాత స్టార్టర్ నొక్కేవాడు. మా గది గోడా ఆ షెడ్డు గోడా ఒకటే. మోటారు ఎక్కగానే ట్రంకు పెట్టెల మీద బోర్లించిన పళ్లేలు గలగలలాడేవి. వేరే గదులవాళ్లకు గంట కొట్టేవారు, మాకు ఆ పని లేదు.

ఏడాదికి రెండుమూడు సార్లు ఆ మోటారు ఆగిపోయేది. టౌను నుంచి వైండింగ్ షాపు ఆయన వచ్చి బేరింగ్ మార్చి, గ్లాండు తాడు చుట్టి, డబ్బులు తీసుకొని వెళ్లేవాడు. 6206 నంబరు బేరింగ్. ఆ నంబరు మాకు హాల్ టికెట్ నంబరు లాగా నోటికి వచ్చేది. ఇన్నిసార్లు ఎందుకు పోతోందని ఎవరూ అడగలేదు. మోటారు అన్నాక పోతుంది, బాగు చేయించుకుంటాం, అంతే.

ఇక్కడ కొంచెం చదువు సంగతి చెప్పాలి. మన పంపును అపకేంద్ర పంపు అంటారు. లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం తిరుగుతుంది. తడిసిన కుక్క ఒళ్లు విదిల్చినప్పుడు నీళ్లు బయటికి చిమ్మినట్టు, ఆ చక్రం నీళ్లను మధ్య నుంచి అంచుకు విసురుతుంది. ఆ వేగం పంపు బొజ్జలో పీడనంగా మారి నీటిని పైకి ఎక్కిస్తుంది. మొదట్లో ఈ రెక్కలు తిన్నగా ఉండేవి. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ అనే ఆయన వంపు తిరిగిన రెక్కలతో చేసిన పంపును పెట్టాడు. దాని సామర్థ్యం దాదాపు 68 శాతం వచ్చింది. అదే ప్రదర్శనలో ఉన్న తిన్నని రెక్కల పంపులు అందులో మూడో వంతు దగ్గర ఆగిపోయాయి. రెక్కను వంచడం తప్ప ఆయన వేరే మాయ ఏమీ చేయలేదు. నీళ్లు సహజంగా పోయే దారిలో రెక్క ఉంటే నీళ్లు కొట్టుకోవు, అంతే.

పంపు నీళ్లను "లాగుతుంది" అనుకుంటాం. నిజానికి లాగదు. పంపు తన నోటి దగ్గర పీడనం తగ్గిస్తుంది, సంపులో నీటిని బయటి గాలి కిందికి నొక్కుతుంది, ఆ నొక్కుడుకు నీళ్లు పైపులో పైకి వస్తాయి. గాలి బరువు ఎంతో అంతే ఎత్తు. లెక్క ప్రకారం 10.3 మీటర్లు, పనిలో ఆరేడు మీటర్లు దాటితే కష్టం. పైపు సన్నగా ఉండి, మలుపులు ఎక్కువై, ఫుట్‌వాల్వ్ జాలీలో నాచు పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. అప్పుడు పంపు నోటి దగ్గర పీడనం ఎంత పడిపోతుందంటే, చల్లటి నీళ్లే మరిగి బుడగలు కడతాయి. ఆ బుడగలు ఇంపెల్లర్‌లో పీడనం ఎక్కువ ఉన్న చోటికి చేరి ఒక్కసారిగా పగులుతాయి. ఒక్కో బుడగ చిన్నదే, కానీ అది మూసుకునేటప్పుడు పుట్టే దెబ్బకు ఇనుము కూడా గుంటలు పడుతుంది. దీన్ని కావిటేషన్ అంటారు. ఓడల ప్రొపెల్లర్లు ఇలాగే తినుకుపోతుంటే, బుడగ మూసుకుపోయేటప్పుడు ఎంత పీడనం పుడుతుందో 1917లో లార్డ్ రేలీ లెక్క కట్టాడు. వినడానికి అది పంపులో కంకర పోసి తిప్పినట్టు ఉంటుంది. మన మోటారు షెడ్డులో ఆ కంకర శబ్దం మేము ఐదో తరగతి నుంచి విన్నాం. పాత మోటారు అలాగే మోగుతుంది కాబోలు అనుకున్నాం.

సరే, తప్పు సంగతికి వస్తాం.

2018 సంక్రాంతి సెలవులు అయిపోయి వచ్చాక స్టడీ అవర్స్ పెంచారు. మార్చిలో పరీక్షలు. అప్పుడు రాత్రిపూట కూడా మోటారు వేయాల్సి వచ్చేది. గోడ అదురుతుంటే చదువు సాగేది కాదు. మాలో ఒకడికి పంక్చర్ షాపులో తెలిసినవాళ్లు ఉన్నారు. లారీ టైరు ముక్కలు నాలుగు తెచ్చాం. బేస్ బోల్టులు విప్పి దాని కింద రబ్బరు పెడితే అదురు గోడకు రాదని మా ఆలోచన. బండికి షాక్ అబ్జార్బర్ ఉన్నట్టు.

తాతను అడిగాం. ఆయన కాసేపు చూసి, "మీరు సదువుకునేటోళ్లు బిడ్డా, మీకే ఎరుక" అన్నాడు. గడ్డపార తెచ్చి తనే బేస్ ఎత్తి పట్టాడు. మేము ముక్కలు తోశాం.

మోటారు వేస్తే శబ్దం మారింది. గోడలో వచ్చే కీచు తగ్గింది. పళ్లేల గలగల తగ్గింది. మాకు చాలా గర్వంగా అనిపించింది. అయితే మోటారు దగ్గరికి వెళ్లి చూస్తే అది మునుపటికంటే ఎక్కువ ఊగుతోంది. మేము దాన్ని "రబ్బరు పని చేస్తోంది" అనుకున్నాం. వారం తిరిగేసరికి సక్షన్ పైపు జాయింటు దగ్గర గాలి లాగడం మొదలైంది. తాత రోజూ పొద్దున బకెట్‌తో నీళ్లు పోసి పంపు ఎక్కించాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున పెద్ద శబ్దం వచ్చింది. పంపు నోటి దగ్గర పోత ఇనుము మెడ చీలిపోయింది, కప్లింగ్ ముక్కలైంది.

ఆరు రోజులు నీళ్లు లేవు. రెండు వందల మంది పిల్లలం. వంటకు ట్యాంకరు వచ్చేది, మిగతా అవసరాలకు అర కిలోమీటరు దూరంలో ఒక పొలం బోరు దగ్గరికి బకెట్లు పట్టుకొని వెళ్లేవాళ్లం. మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజు, ఎవరి పిల్లలో తెలిశాక, బకెట్లు గట్టు అవతలే పెట్టమన్నారు. పైపు మేము ముట్టుకోకూడదు. వాళ్ల జీతగాడు పైపు ఎత్తి దూరం నుంచి పోసేవాడు, సగం నీళ్లు బకెట్‌లో, సగం మట్టిలో. ఆ పోసేవాడు కూడా మావాడే. తల ఎత్తి చూసేవాడు కాదు. ఆరో తరగతి పిల్లలు అది ఆట అనుకొని నవ్వారు. మేము నవ్వలేదు, వాళ్లకు చెప్పనూ లేదు.

నాలుగో రోజు మోటారు చూడటానికి మనుషులు వచ్చారు. బేస్ బోల్టులు ఎవరు తీశారని అడిగారు. మేము నలుగురం తలుపు దగ్గరే ఉన్నాం. తాత మా వైపు ఒకసారి చూశాడు. "నేనే తీసిన సారూ, సప్పుడు జేస్తాందని" అన్నాడు. ఆయన అవుట్‌సోర్సింగ్ మనిషి. రిపేరు ఖర్చులో కొంత ఆయన జీతంలో పట్టుకున్నారు. జూన్‌లో బడి తెరిచాక ఆయన్ను పనిలోకి పిలవలేదని తర్వాత తెలిసింది. మేము అప్పటికి పాలిసెట్ ర్యాంకులు చూసుకుంటూ ఉన్నాం. ఎవరికీ చెప్పలేదు.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకోవడానికి కారణం అదేనా అంటే, పూర్తిగా అదే అనలేం. ర్యాంకుకు వచ్చింది అదే. మా నాయిన (ఇది రాస్తున్నవాడి నాయిన) బోరు మోటార్లు దించే కూలి పని చేస్తాడు. మూడు కాళ్ల స్టాండు, చైన్ బ్లాకు, పైపులు. ఆయన సంతకం మాత్రమే నేర్చుకున్నాడు కానీ, స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద, పిడి చెవికి పెట్టి విని "ఇది నెల దాటది" అంటే దాటదు. మంచి బిగింపు మీద ఉన్న మోటారు ఆడుతుండగా దాని మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి చూపించేవాడు. మా ల్యాబ్‌లో తర్వాత కంపనాల మీటరు చూసినప్పుడు, ఇది నాయిన చెవికి అంకెలు తగిలించిన పెట్టె అని నవ్వుకున్నాం.

అసలు కారణం బీటెక్ మూడో సంవత్సరంలో తెలిసింది. క్లాసులో ఇంగ్లీషులో రెజొనెన్స్ అని రాసి ఫార్ములా ఇచ్చారు. రాసుకున్నాం, అర్థం కాలేదు. లైబ్రరీలో తెలుగు అకాడమీ ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం తీసి చూస్తే "అనునాదం" అని ఉంది. అప్పుడు వెలిగింది. ఊయలను అది ఊగే లయలోనే తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు పోతుంది. ప్రతి వస్తువుకూ తనదైన లయ ఒకటి ఉంటుంది, దాన్ని సహజ పౌనఃపున్యం అంటారు. రబ్బరు మీద పెట్టిన మోటారుకూ ఉంటుంది. దాన్ని లెక్క కట్టడం చాలా తేలిక. బరువుకు రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు నలిగిందో కొలిచి, ఆ అంకె వర్గమూలంతో 15.8ను భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది.

లారీ టైరు ముక్క ఒకటి తెచ్చి ల్యాబ్‌లో ముప్పై కిలోల బరువు కింద పెట్టి డయల్ గేజ్‌తో చూశాం. మిల్లీమీటరులో పదో వంతు నలిగింది. 0.1 వర్గమూలం 0.316. లెక్క వేస్తే సెకనుకు 50 ఊపులు. మన మోటారు నిమిషానికి 2,880 చుట్లు, అంటే సెకనుకు 48. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూస్తూ కూర్చున్నాం. ఊయలను దాని లయలోనే తోసినట్టు, మోటారును అది వణికే లయకు సరిగ్గా సరిపోయే రబ్బరు మీద కూర్చోబెట్టాం.

రబ్బరు పెట్టడం తప్పు కాదు, తెలియకుండా పెట్టడం తప్పు. ఆ రబ్బరు ఒక మిల్లీమీటరు నలిగేంత మెత్తనిదైతే సహజ పౌనఃపున్యం 16 దగ్గరికి దిగుతుంది. మోటారు 48లో ఆడుతుంది, అంటే మూడు రెట్లు. అప్పుడు నేలకు చేరే వణుకు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు వేగం సహజ పౌనఃపున్యానికి కనీసం 1.41 రెట్లు దాటితే తప్ప రబ్బరుతో లాభం మొదలు కాదు. దానికంటే తక్కువైతే నష్టమే. కీచు ఎందుకు తగ్గిందో కూడా ఇందులోనే ఉంది. కీచు పెద్ద పౌనఃపున్యం, దాన్ని టైరు ఆపింది. ఇనుమును విరిచేది చిన్న పౌనఃపున్యం, దాన్ని పెంచింది. మాకు చెవికి వినపడింది తగ్గింది కాబట్టి గెలిచామనుకున్నాం.

ఇంకో మాట. స్ప్రింగు వేరు, డ్యాంపరు వేరు. స్ప్రింగు శక్తిని దాచుకొని తిరిగి ఇస్తుంది. డ్యాంపరు దాన్ని వేడిగా మార్చి పోగొడుతుంది. బైకు వెనక చక్రం దగ్గర రెండూ కలిసి ఉంటాయి. ఆయిలు కారిపోయిన షాక్ అబ్జార్బర్ ఉన్న బైకు ఎక్కితే, గుంట దాటాక కూడా ఎగురుతూనే ఉంటుంది కదా, అది స్ప్రింగు ఉండి డ్యాంపరు లేకపోవడం.

వీటికన్నా మాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి ఉంది. హెర్మన్ ఫ్రాం అనే జర్మన్ ఇంజనీరు 1909లో దరఖాస్తు చేసి 1911లో అమెరికాలో పేటెంటు పొందాడు. వణికే పెద్ద యంత్రానికి ఒక చిన్న బరువును స్ప్రింగుతో తగిలిస్తాడు. ఆ చిన్నదాని లయ యంత్రం వణికే లయకు సమానంగా ఉండాలి. అప్పుడు ఆ చిన్న బరువు ఊగిపోతూ ఉంటుంది, పెద్ద యంత్రం నిలకడగా నిలబడుతుంది. వణుకంతా చిన్నదాని మీదికి పోతుంది. దీని లెక్కలను 1928లో ఆర్మండ్‌రాయిడ్, డెన్ హార్టాగ్ పూర్తిగా కట్టారు. ఇప్పుడు నిలువు పంపుల మీద, పైపుల మీద, ఎత్తైన భవనాల్లో కూడా ఇదే పద్ధతి వాడుతున్నారు. తైవాన్‌లోని తైపే 101 భవనంలో వేలాడే 660 టన్నుల గోళం ఇటువంటిదే. ఆ పాఠం చదివిన రోజు మాకు తాత గుర్తొచ్చాడు.

2023 వేసవిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేశాం. అక్కడ రసాయనాలను కొలిచి పోసే డోసింగ్ పంపులు ఉంటాయి. అవి తిరిగేవి కావు, ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్ పంపులు. ఒక తోపు, ఒక విరామం, ఒక తోపు. పైపులో ద్రవం గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. ఆ దెబ్బలను మింగడానికి పంపు పక్కనే పల్సేషన్ డ్యాంపెనర్ అనే చిన్న సీసా ఉంటుంది. లోపల రబ్బరు సంచి, సంచిలో నైట్రోజన్ వాయువు. తోపు వచ్చినప్పుడు సంచి నలిగి ద్రవానికి చోటిస్తుంది, విరామంలో ఉబ్బి ద్రవాన్ని పంపుతుంది. అవతల ధార సమంగా పోతుంది. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో రెసిప్రొకేటింగ్ పంపు మీద గాలి గది చూశాం కదా, అదే సూత్రం. పాత గాలి గదిలో గాలి మెల్లగా నీళ్లలో కరిగిపోయేది, మధ్యలో రబ్బరు పొర పెట్టడంతో ఆ బాధ తప్పింది.

అక్కడ ఒక పైపు సపోర్టు పదే పదే విరిగేది. విరిగినప్పుడల్లా వెల్డింగ్ చేసేవారు. వెల్డు మీద వెల్డు పడి ఆ చోట పుట్ట పెరిగినట్టు ఉంది. ఇంకా లావు ఇనుము వేద్దామని మాట్లాడుకుంటున్నారు. డ్యాంపెనర్‌లో వాయువు ఎంత ఉందో చూడొచ్చా అని మేము అడిగాం. లైను పీడనంలో దాదాపు 80 శాతం ఉండాలి. గేజ్ పెడితే సున్నా. సంచి ఎప్పుడో చిరిగింది, సీసా నిండా ద్రవమే. కొత్త సంచి వేశాక పైపు నిలబడింది. మాకు ఎవరూ పూలదండ వేయలేదు. ఒక హెల్పర్ అన్న మాత్రం టీ ఇప్పించి, "నేను రెండేళ్ల నుంచి అంటున్న ఆ సీసాలో ఏదో ఉన్నదని, ఎవలు వింటరు" అన్నాడు.

అప్పుడే అనుకున్నాం, బీటెక్ ప్రాజెక్టు మన హాస్టల్ మోటారు మీదే చేయాలని. గైడ్ సార్ మొదట ఒప్పుకోలేదు. "ఇందులో నావెల్టీ ఏముంది?" అన్నారు. 2019లో మొదలైన కాళేశ్వరం గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో పంపు 139 మెగావాట్లు. మన మోటారు 3.7 కిలోవాట్లు. ముప్పై ఏడు వేల రెట్లు చిన్నది. కానీ బుడగలకూ బేరింగ్‌కూ లెక్కలు అవే అని చెప్పాం. చివరికి సరే అన్నారు.

2024 జనవరిలో మీటరు తీసుకొని వచ్చాం. 2018 తర్వాత కొత్త పంపు వచ్చింది కానీ, పైపులు పాతవే, బేస్ పాతదే. బేరింగ్ మీద కంపన వేగం సెకనుకు 8 మిల్లీమీటర్లు. ఇలాంటి చిన్న యంత్రాలకు ఐఎస్ఓ 10816 ప్రమాణంలో 4.5 దాటితే నడపకూడదని ఉంది. ఏ పౌనఃపున్యంలో ఎంత వణుకుందో విడదీసి చూస్తే 48 దగ్గర ఒక గీత, 96 దగ్గర అంతకంటే ఎత్తైన గీత. వేగానికి రెట్టింపు దగ్గర గీత లేచిందంటే, మోటారు షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే వరుసలో లేవేమోనని మొదట అనుమానించాలి. డయల్ గేజ్ పెట్టి చూశాం. మిల్లీమీటరు పైనే తేడా ఉంది, ఉండాల్సింది అందులో ఇరవయ్యో వంతు.

వరుస ఎందుకు తప్పిందో పైపు బోల్టులు విప్పగానే తెలిసింది. పైపు ఒక్కసారిగా వేలు మందం పక్కకు జరిగింది. అంటే ఎప్పుడో పైపు సరిపోకపోతే, పంపును సాధనంగా చేసుకొని బోల్టులతో లాగి బిగించారు. అన్నేళ్లుగా ఆ పైపు పంపును పక్కకు గుంజుతూనే ఉంది. బాల్ బేరింగ్ మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఏడాదికి మూడు బేరింగ్‌లు ఎందుకు పోయేవో ఇక వేరే చెప్పాలా? మేము ఐదో తరగతిలో చేరకముందు నుంచే అది అలా ఉంది. 2018లో మా టైరు ముక్కలు చేసింది, ముందే చీలడానికి సిద్ధంగా ఉన్న ఇనుమును తొందరపెట్టడం. ఇది తెలిసినప్పుడు కొంచెం తేలికపడ్డామని ఒప్పుకోవాలి. కానీ ఆ కొంచెం కూడా తాతకు ఏమీ తిరిగి ఇవ్వలేదు.

చేసిన పని పెద్దదేమీ కాదు. మోటారు, పంపు, బేస్ కలిపి 110 కిలోలు. దానికి మూడు రెట్లు బరువుండేలా 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 36 ఎత్తుతో కాంక్రీటు దిమ్మె పోశాం. దాదాపు 350 కిలోలు. బరువైన దాన్ని ఊపడం కష్టం. సక్షన్ పైపును రెండు అంగుళాల నుంచి మూడుకు మార్చి, పంపు నోటికి ఆనుకొని ఉన్న ఎల్బోను దూరం జరిపాం. పైపులకు వేరే సపోర్టులు వేశాం, వాటి బరువు పంపు మీద పడకుండా. రెండు వైపులా రబ్బరు బెల్లోలు పెట్టాం. షాఫ్టుల వరుస కలపడం మా ఫిట్టర్‌గాడి పని. ఆదివారం సెలవు పెట్టుకొని వచ్చాడు. పలచని రేకు షిమ్ములు ఒక్కొక్కటి తీసి పెట్టి, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి, సాయంత్రానికి 0.05కు తెచ్చాడు. మా బీటెక్‌లు ఇద్దరం టార్చి పట్టుకున్నాం. కానిస్టేబుల్ తమ్ముడు సిమెంటు కలిపాడు.

మీటరు 1.6 చూపించింది. కంకర శబ్దం పోయింది. మోటారు కింద రబ్బరు వేయాల్సిన అవసరమే రాలేదు.

ట్యాంకు ఎత్తు ఎప్పుడూ ఒకటే కాబట్టి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ మనకు అక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో మాత్రం అది చాలా పెద్ద మార్పు తెచ్చింది. వాల్వు మూసి నీళ్లు తగ్గించడానికి బదులు వేగమే తగ్గిస్తారు. పైపుల్లో రాపిడి తప్ప ఎక్కించే ఎత్తు పెద్దగా లేని చోట, వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. కానీ వేగం మారుతూ పోతే ఎక్కడో ఒకచోట సహజ పౌనఃపున్యం తగులుతుంది. అందుకే ఆ వేగాల దగ్గర ఆగకుండా దాటిపొమ్మని డ్రైవ్‌కు ముందే చెప్పి ఉంచుతారు. ఇది తెలియక కొత్త డ్రైవ్ పెట్టాక పాత పంపులు వణికిన చోట్లు చాలా ఉంటాయి. ఇప్పుడు ఎంటెక్‌లో మేము చేస్తున్న పని దీని మీదే.

2025 దసరాకు తాత ఊరు వెతుక్కుంటూ వెళ్లాం. నలుగురం. చూపు తగ్గింది, గొంతుతో గుర్తుపట్టాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక చెప్పాం, ఆ రోజు మేము నోరు విప్పాల్సింది అని. లెక్కలు కూడా చెప్పబోయాం. చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు ఎరుకలేదా బిడ్డా? మీరు జెప్తే మీ పరీచ్చలు ఏమయ్యేవి" అన్నాడు. జీతం ఎంత పట్టారో అడిగితే చెప్పలేదు. మేము తీసుకెళ్లిన డబ్బులు మనవరాలి చేతిలో పెడితే, ఆమెతో తిరిగి ఇప్పించాడు. మళ్లీ ఇచ్చాం. మళ్లీ ఇప్పించాడు. చివరికి ఆమె పాలిటెక్నిక్ ఫీజుకు అని ఒప్పించాం. ఆమె ఇప్పుడు పదో తరగతి, లెక్కల్లో బాగా చేస్తుందట.

బయలుదేరేటప్పుడు అడిగాడు, "మోటరు ఎట్ల నడుస్తున్నది ఇప్పుడు?" అని. ఫోన్‌లో వీడియో ఉంటే వినిపించాం. చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు విన్నాడు. "గ్లాండు జరంత ఎక్కువ బిగించిన్రు, ఒదులు చెయ్యిన్రి. సుక్క సుక్క కారాలె అది" అన్నాడు. వచ్చి చూస్తే నిజమే, గ్లాండు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. సగం చుట్టు వదిలాం.

తమ్ముళ్లూ, మోటారు చూసుకునే పదో తరగతివాళ్లు ఇది గుర్తుంచుకోండి. గ్లాండు నుంచి చుక్కలు పడుతుంటే బిగించకండి. ఫుట్‌వాల్వ్ జాలీ ప్రతి నెల మొదటి ఆదివారం తీసి కడగాలి, వార్డెన్ సార్‌కు చెప్పి, పెద్దవాళ్లు దగ్గరుండగానే, స్టార్టర్ మెయిన్ తీసేశాక. కప్లింగ్ రబ్బరు జూన్‌లో మార్చాలి. కొత్తది ఆఫీసు గది బీరువాలో కింది అరలో, పాత హాజరు పుస్తకాల వెనక ఉంది. దాని మీద సైజు మేము పెన్నుతో రాసి పెట్టాం.